పీట్ పొయ్యిలో వేగంగా, కుండీలో నెమ్మదిగా కాలుతుంది

బొగ్గు ఎలా తయారవుతుందో చెప్పే పాఠంలో మొదటి మెట్టు పీట్. పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్ అని వరుసగా చదువుకుని ముందుకు వెళ్లిపోతాం, పీట్ సంగతి అక్కడితో సరి. మొక్కలు పెంచేవాళ్లకి మాత్రం అది ఇంకో దారిలో ఎదురవుతుంది. నారు పోసే మట్టి సంచి మీద పీట్ మాస్ అని రాసి ఉంటుంది, విత్తనాలకి ఇంతకంటే మంచిది లేదని అందరూ చెబుతారు, అందులో చాలావరకు నిజం కూడా ఉంది. ఈ రెండూ ఒకే పదార్థం, ఒకే రకం చిత్తడి నేలల్లోంచి దాదాపు ఒకే రకం యంత్రాలతో గీకి తీసింది. అయినా పొయ్యిలో పెడితే కాలుష్యం అంటాం, కుండీలో పోస్తే పచ్చదనం అంటాం. నేలలోంచి బయటికి వచ్చాక దానిలోని కార్బన్ చేరేది మాత్రం రెండు సందర్భాల్లోనూ గాలిలోకే. పొయ్యిలో గంటల్లో పోతుంది, కుండీలో కొన్నేళ్లు పడుతుంది, తేడా అంతే.

పీట్ కథంతా నీళ్ల చుట్టూ తిరుగుతుంది. మామూలు నేల మీద ఒక మొక్క చచ్చిపోతే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, వానపాములు కలిసి దాన్ని కొన్ని నెలల్లో, మహా అయితే కొన్నేళ్లలో తినేస్తాయి, అందులోని కార్బన్ చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. అదే మొక్క ఏడాది పొడుగునా నీళ్లు నిలిచి ఉండే చోట చచ్చిపోతే సంగతి వేరు. నీళ్లలోకి ఆక్సిజన్ చాలా నెమ్మదిగా దిగుతుంది, దిగిన కాస్త కూడా పై పొరలోని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి, కింద ఉన్న వాటికి ఏమీ మిగలదు. దాంతో చచ్చిన నాచు, గడ్డి, వేళ్లు సగం కుళ్లి సగం కుళ్లక అలాగే ఉండిపోతాయి, వాటి మీద మరుసటి ఏటి పొర పడుతుంది, దాని మీద ఇంకోటి. చల్లటి ప్రాంతాల్లో ఇది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందాన పెరుగుతుంది, చాలాచోట్ల అంతకన్నా తక్కువే. అంటే ఒక మీటరు లోతు పీట్ పేరుకోవడానికి వెయ్యేళ్లు పట్టిందనుకోవాలి.

ఉత్తరాది చల్లని దేశాల్లో ఈ పనికి పెద్ద దిక్కు స్ఫాగ్నమ్ అనే నాచు. దానికి వేళ్లు ఉండవు. దాని ఆకుల్లో బతికున్న సన్నటి పచ్చ కణాల మధ్య పెద్ద పెద్ద ఖాళీ కణాలు ఉంటాయి, అవి చచ్చిపోయినవే, వాటి గోడలకి చిన్న రంధ్రాలు, ఆ రంధ్రాల గుండా నీళ్లు లోపలికెళ్లి నిలిచిపోతాయి. ఎండిన తన బరువుకి పదిహేను, ఇరవై రెట్ల నీటిని ఈ నాచు పట్టి ఉంచగలదు. ఇంకో గుణం ఇంతకన్నా ఆసక్తికరం: నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లాంటి వాటిని పట్టేసుకుని వాటికి బదులు హైడ్రోజన్ అయాన్లు వదులుతుంది. దాంతో చుట్టూ ఉన్న నీరు ఆమ్లంగా మారి పిహెచ్ 4 దగ్గరికి పడిపోతుంది. అంత ఆమ్లంలో, వాననీరు తప్ప వేరే పోషకం అందని చోట మిగతా మొక్కలు నిలదొక్కుకోలేవు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కూడా మందగిస్తాయి. తనకి కావలసిన చోటుని తనే తయారుచేసుకునే మొక్క ఇది.

కుళ్లడం అక్కడ ఎంత నెమ్మదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1950లో డెన్మార్క్‌లో పీట్ తవ్వుతున్నవాళ్లకి ఒక మనిషి శవం కనిపించింది. ముఖం ఎంత చెక్కుచెదరకుండా ఉందంటే ఈమధ్యే జరిగిన హత్య అనుకుని పోలీసులని పిలిచారు. టోలుండ్ మనిషి అని ఇప్పుడు పిలిచే ఆ వ్యక్తి చనిపోయి రెండు వేల ఏళ్లు దాటింది. చర్మం, పెదాలు, గడ్డం మీద పెరిగిన వెంట్రుకలతో సహా అన్నీ నిలిచాయి.

ఉష్ణమండలంలో ఈ పని నాచు బదులు చెట్లు చేస్తాయి. ఇండోనేసియా, మలేసియా, పెరూ, కాంగో నదీ పరీవాహక ప్రాంతాల్లో నీళ్లలో నిలబడే అడవుల కింద కొమ్మలు, వేళ్లు, ఆకులు మీటర్ల మందాన పేరుకున్నాయి. కాంగో మధ్య భాగంలో సుమారు 1,45,500 చదరపు కిలోమీటర్ల మేర ఇలాంటి నేల ఉందని, అందులో దాదాపు 3,000 కోట్ల టన్నుల కార్బన్ ఉందని శాస్త్రవేత్తలు లెక్కగట్టింది 2017లో. అంత పెద్ద నేల అంతవరకూ ప్రపంచ పటాల్లో సరిగా నమోదే కాలేదు. మొత్తం మీద ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు మూడు నాలుగు శాతమే, కానీ భూమ్మీది అడవుల చెట్లన్నీ కలిపి మోస్తున్న కార్బన్ కన్నా ఈ నేలల్లో ఉన్నదే ఎక్కువ. అడవి నరికితే కంటికి కనబడుతుంది, గొడవ అవుతుంది. పీట్ నేలలో కాలువ తవ్వి నీళ్లు తీసేస్తే పైన ఏమీ జరిగినట్టు ఉండదు, అందుకే దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నీళ్లు తీసేయడంతోనే నష్టం మొదలవుతుంది, తవ్వి తీయడం దాకా కూడా అక్కర్లేదు. నీటి మట్టం దిగగానే పైపొరలోకి గాలి చొరబడుతుంది, వేల ఏళ్లుగా ఆగిపోయిన కుళ్లడం మళ్లీ అందుకుంటుంది, నేల ఏటేటా కుంగిపోతుంది. ఇంగ్లండ్ తూర్పు భాగంలో హోమ్ ఫెన్ అనే చోట 1851లో, పక్కనున్న పెద్ద సరస్సుని ఎండగడుతున్న రోజుల్లో, ఒక ఇనుప స్తంభాన్ని పీట్ కింద ఉన్న గట్టి బంకమట్టిలోకి దింపి పైకొస నేలతో సమానంగా ఉండేలా పాతారు. ఇప్పుడు ఆ స్తంభం నేల మీద సుమారు నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం కదల్లేదు, నేలే దిగిపోయింది. కొంత దిగడం నీళ్లు పోయి నేల కుదించుకుపోవడం వల్ల, మిగతాది పీట్ ఆవిరైపోయినట్టు గాల్లోకి పోవడం వల్ల. నెదర్లాండ్స్‌లో సముద్ర మట్టానికి కిందున్న నేలల్లో చాలా భాగం ఒకప్పుడు సముద్రం కన్నా ఎత్తున ఉన్న పీట్ నేలలే. వందల ఏళ్లు ఎండగట్టి, తవ్వి, కాల్చి వాటిని ఆ స్థితికి తెచ్చారు.

ఇక ఇంధనం సంగతి. నేలలో ఉన్న పీట్‌లో తొంభై శాతం దాకా నీరే. దాన్ని కోసి ఎండబెట్టకుండా ఏమీ చేయలేం. ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పాత పద్ధతి ఏంటంటే ఒక పక్కకి రెక్క ఉన్న పారతో ఇటుకల ఆకారంలో ముద్దలు కోయడం, వాటిని నేల మీద పరవడం, కాస్త గట్టిపడ్డాక నాలుగైదింటిని ఒకదానికొకటి ఆనించి గాలి ఆడేలా నిలబెట్టడం, పూర్తిగా ఎండాక ఇంటికి చేర్చి గోడలా పేర్చుకోవడం. వాన ఎక్కువైన ఏడాది ఈ పని సగంలో ఆగిపోతుంది, చలికాలం మొత్తం కష్టమవుతుంది. ఇంత చేసినా ఎండిన ముద్దలో ఇంకా మూడో వంతు నీరు మిగులుతుంది, కిలోకి 12 నుంచి 13 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కరెంటు కేంద్రాలకి వెళ్లే పొడి పీట్‌లో సగం తేమే, అందులో వేడి ఇంకా తక్కువ. ఫ్యాక్టరీలో వేడి చేసి, నొక్కి, బ్రికెట్లుగా చేస్తే 18 మెగాజౌళ్ల దాకా ఎక్కుతుంది. మంచి బొగ్గులో 25 పైనే ఉంటుంది. పైగా పీట్ తేలిక, ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, దూరం మోస్తే గిట్టదు. అందుకే దాన్ని కాల్చే కరెంటు కేంద్రాలని పీట్ నేలల పక్కనే కట్టారు, వాటి కోసం ప్రత్యేకంగా చిన్న రైలు పట్టాలు వేశారు.

పొగలో కార్బన్ లెక్క చూస్తే పీట్ బొగ్గు కన్నా చెడ్డది. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ ఇచ్చిన ప్రామాణిక అంకెల ప్రకారం ఒక గిగాజౌల్ (వెయ్యి మెగాజౌళ్ల) వేడికి పీట్ 106 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, లిగ్నైట్ 101, మామూలు బిట్యుమినస్ బొగ్గు సుమారు 95, సహజ వాయువు 56. ఇది కాల్చినప్పటి లెక్క మాత్రమే, నేలని ఎండగట్టినందుకు అక్కడ మిగిలిన పీట్ నుంచి ఏళ్ల తరబడి వచ్చేది ఇందులో లేదు. పీట్ మళ్లీ పెరుగుతుంది కాబట్టి దీన్ని కట్టెల్లాగా పునరుత్పాదకం కింద లెక్కేయాలని దాన్ని తవ్వే పరిశ్రమ చాలాకాలం వాదించింది. ఆ వాదన నిలబడదు. యంత్రంతో తవ్వే నేలలో ఒక్కో విడతకి పైనున్న సెంటీమీటరు, సెంటీమీటరున్నర మందాన్ని పొడిచేసి, తిరగేసి ఎండబెట్టి, ఎత్తుకుపోతారు, ఎండలు బాగున్న వేసవిలో ఇలాంటి విడతలు చాలానే కుదురుతాయి. ఒక్క విడతలో పోయింది తిరిగి రావాలంటే పదేళ్లకి పైగా పడుతుంది, అదీ ఆ నేలలో నీళ్లు నిండి నాచు పెరుగుతుంటేనే. ఎండగట్టిన నేలలో అసలు పెరుగుదలే ఉండదు.

అయినా పీట్ కాల్చినవాళ్లని తప్పుపట్టే ముందు వాళ్లకి వేరే ఏముందో చూడాలి. ఐర్లండ్‌లో చెప్పుకోదగ్గ బొగ్గు లేదు, అడవులు ఎప్పుడో పోయాయి, దేశంలో చాలాచోట్ల పీట్ మాత్రం పుష్కలం. స్వాతంత్ర్యం వచ్చాక సొంత ఇంధనం అంటే వాళ్లకి అదే కనిపించింది. 1934లో ప్రభుత్వం దీనికోసం ఒక బోర్డు పెట్టింది, 1946లో అది బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థగా మారింది, మధ్య ఐర్లండ్‌లోని జిల్లాలకి జిల్లాలే ఆ ఉద్యోగాల మీద బతికాయి. రష్యాలోనూ అంతే. 1914లోనే మాస్కోకి తూర్పున పీట్‌తో నడిచే కరెంటు కేంద్రం మొదలైంది, సోవియట్ తొలి విద్యుదీకరణ ప్రణాళికలో శతూరా లాంటి పీట్ కేంద్రాలకి పెద్ద పాత్ర ఉంది. అంతకు చాలాముందే డచ్ పట్టణాల ఇటుక బట్టీలు, సారా బట్టీలు, ఇళ్ల పొయ్యిలు పీట్ మీదే నడిచాయి. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ సరస్సులు సహజంగా ఏర్పడినవని జనం చాలాకాలం అనుకున్నారు. అవి మధ్యయుగాల్లో పీట్ తవ్విన గోతులని, తర్వాత వాటిల్లో నీళ్లు నిండాయని 1950లలో జోయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త పరిశోధన తేల్చింది.

ఇప్పుడు ఆ పరిస్థితి పోయింది. ఐర్లండ్‌లో షానన్‌బ్రిడ్జ్, లేన్స్‌బరో పీట్ కరెంటు కేంద్రాలు 2020 డిసెంబర్‌లో మూతపడ్డాయి, మిగిలిన ఎడెండెరీ కేంద్రం 2023 చివరికి పీట్ వాడటం ఆపేసింది. బోర్డ్ నా మోనా తవ్వకాలని పూర్తిగా విరమించుకుంటున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. 2022 అక్టోబర్ 31 నుంచి అక్కడ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో పీట్ ముద్దలు అమ్మడానికి లేదు. తరతరాలుగా తవ్వుకునే హక్కు ఉన్న కుటుంబాలు మాత్రం తమ వాటా నేలలో తవ్వుకోవచ్చు. ఈ మినహాయింపు న్యాయమైనదే. ఇంటికి ఇన్సులేషన్ లేని, హీటింగ్ మార్చుకునే స్తోమత లేని ముసలివాళ్ల పొయ్యి ఆర్పి పర్యావరణాన్ని కాపాడామని చెప్పుకోవడంలో అర్థం లేదు, ముందు ఆ ఇంటికి ప్రత్యామ్నాయం రావాలి. ఫిన్లండ్ దారి ఇంకో రకం. అక్కడ నిషేధం కన్నా యూరప్ కార్బన్ ధర, అంటే కార్బన్ వదిలినందుకు కంపెనీలు కట్టాల్సిన ధర, పెరగడమే పని చేసింది. పీట్ వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలన్నది లక్ష్యం అయితే, తగ్గుదల అనుకున్నదానికన్నా చాలాముందే వచ్చేసింది, పీట్ మీద బతికినవాళ్లు సర్దుకోవడానికి టైమ్ చాలక ఇబ్బంది పడ్డారు. మొత్తానికి ఇంధనంగా పీట్ రోజులు యూరప్‌లో ముగిసిపోతున్నాయి. దానిలో వేడి తక్కువ, మోత ఖర్చు, పొగ ఎక్కువ. ప్రత్యామ్నాయం ఉన్నచోట దాన్ని సమర్థించడానికి ఏ కారణమూ మిగల్లేదు.

తోటల విషయంలో ఇంత తేలిగ్గా తీర్పు చెప్పలేం, ఎందుకంటే ఇక్కడ పీట్ నిజంగా గొప్పగా పనిచేస్తుంది. విత్తనం మొలకెత్తాలంటే వేళ్ల దగ్గర నీరూ ఉండాలి, గాలీ ఉండాలి. మామూలు మట్టితో చిన్న కుండీ నింపితే తడిపినప్పుడు గాలి పోతుంది, ఎండితే గట్టిపడిపోతుంది. పీట్‌లో అలా కాదు. నాచు కణాల్లో నీళ్లు నిలుస్తాయి, పీచుల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. బరువు తక్కువ కాబట్టి ట్రేలు ఎత్తడం, లారీల్లో పంపడం సులభం. పోషకాలు దాదాపు ఉండవు, ఇది లోపంలా వినిపిస్తుంది కానీ నర్సరీవాళ్లకి ఇదే వరం: ఏ ఎరువు ఎంత వేస్తే అంతే ఉంటుంది, లెక్క తప్పదు. ఆమ్లంగా ఉంటుంది, సున్నం కలిపి కావలసిన పిహెచ్‌కి తెచ్చుకోవచ్చు, బ్లూబెర్రీ, రోడోడెండ్రాన్ లాంటి ఆమ్లం ఇష్టపడే మొక్కలకి సున్నం తగ్గించొచ్చు. కలుపు విత్తనాలు, రోగాలు చాలా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఏడాది కొన్న సంచి, వచ్చే ఏడాది కొనే సంచి దాదాపు ఒకేలా ఉంటాయి. లక్షల నారు పెంచేవాళ్లకి ఆ నిలకడే అసలు విలువ.

పీట్‌లోనూ రకాలున్నాయి, తోటవాళ్లు వాటి తేడాని బాగా పట్టించుకుంటారు. పైపొరల్లో దొరికే తక్కువ కుళ్లిన లేత రంగు పీట్‌లో పీచు ఎక్కువ, గాలి ఎక్కువ. లోతున దొరికే నల్ల పీట్ బాగా కుళ్లింది, మెత్తగా జిగటగా ఉంటుంది, పుట్టగొడుగుల పెంపకంలో పైన పరిచే పొరకి దాన్ని వాడతారు, ఆ పనికి సాటి వచ్చే పదార్థం ఇంకా సరిగా దొరకలేదు. ఈ కుళ్లిన స్థాయిని కొలవడానికి స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫోన్ పోస్ట్ 1920లలో పది మెట్ల కొలమానం ఒకటి ఇచ్చాడు, ఇప్పటికీ అదే వాడుకలో ఉంది. దానికి పరికరం అక్కర్లేదు. గుప్పెడు తడి పీట్ తీసుకుని పిడికిలి బిగించాలి. వేళ్ల సందుల్లోంచి తేటనీరు వస్తే మొదటి మెట్టు, గోధుమరంగు బురదనీరు వస్తే మధ్య మెట్లు, చేతిలో ఏమీ మిగలకుండా మొత్తం ముద్దే జారిపోతే పదో మెట్టు.

తోటల్లో పీట్ ఇంతగా వాడటం పాత సంప్రదాయమేమీ కాదు. అంతకుముందు తోటమాలులు ఆకు ఎరువు, పచ్చిక మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలుపుకుని సొంత మిశ్రమాలు చేసుకునేవాళ్లు. 1930లలో ఇంగ్లండ్‌లో వచ్చిన జాన్ ఇన్నెస్ మిశ్రమంలో కూడా ఏడు పాళ్లు మంచి మట్టి, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు ఇసుక. మట్టి పూర్తిగా తప్పుకుని పీట్ అంతా తానై కూర్చున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అమెరికాలో కాలిఫోర్నియా, కార్నెల్ విశ్వవిద్యాలయాలు పీట్‌తో మట్టి లేని మిశ్రమాలు రూపొందించాక. అంటే ఇది రెండు మూడు తరాల అలవాటు. పీట్ లేకుండా తోటపని అసాధ్యం అనే మాట వినిపించినప్పుడల్లా ఇది గుర్తుచేయాలి.

సరే, కుండీలో పోసిన పీట్ ఏమవుతుంది? నీళ్ల అడుగున ఉన్నన్నాళ్లూ దాన్ని కాపాడింది గాలి లేకపోవడం, పోషకాలు లేకపోవడం, ఆమ్లత. తోటవాడు మొదటి రోజునే ఆ మూడింటినీ తీసేస్తాడు: గాలి ఆడేలా గుల్ల చేస్తాడు, ఎరువు వేస్తాడు, సున్నం కలుపుతాడు. సూక్ష్మజీవులకి ఇంతకన్నా మంచి విందు ఉండదు. ఏడాది తిరిగేసరికి కుండీలో మిశ్రమం మట్టం దిగిపోవడం మొక్కలు పెంచేవాళ్లందరూ చూసే ఉంటారు, అందులో కొంత కుదించుకుపోవడం, కొంత ఇదే. మొక్కతో పాటు తోటలో నాటేశాక మిగిలినది కూడా ఏళ్ల మీద కరిగిపోతుంది. అందుకే నేలని బాగుచేయడానికని పీట్ సంచులు కొని తోట మట్టిలో కలపడం దాని వాడకాలన్నిట్లోకీ పనికిమాలినది. పోషకం ఇవ్వదు, కొన్నేళ్లలో పోతుంది, ఇంట్లో చేసుకున్న కంపోస్టు అదే పని ఇంకా బాగా చేస్తుంది. నారుకి పీట్ వాడటానికి కారణం చెప్పొచ్చు, దీనికి చెప్పలేం. పైగా పీట్‌కి ఒక మొండి గుణం ఉంది, ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని దగ్గరికి రానివ్వదు. పైన పోసిన నీళ్లు కుండీ అంచుల వెంట జారి అడుగున బయటికొచ్చేస్తాయి, మధ్యలో వేళ్లు ఎండిపోయే ఉంటాయి. సంచుల్లో అమ్మే పీట్‌లో తడి పట్టే రసాయనం కలిపేది అందుకే.

ఇక్కడ కొలత తప్పకూడదు. పీట్ నేలల నుంచి వస్తున్న కార్బన్‌లో తోటల సంచుల వాటా చిన్నది. ప్రపంచంలో పీట్ నేలల్లో దాదాపు 12 శాతం ఇప్పటికే ఎండగట్టి పాడుచేశారు, వాటి నుంచి ఏటా రెండు వందల కోట్ల టన్నులకి దగ్గరగా కార్బన్ డయాక్సైడ్ వస్తోంది, మనుషుల వల్ల వచ్చే మొత్తం ఉద్గారాల్లో అది నాలుగైదు శాతం. అందులో సింహభాగం వ్యవసాయం, పశువుల మేత, పెద్ద వాణిజ్య తోటల (ప్లాంటేషన్ల) కోసం కాలువలు తవ్వి ఎండగట్టిన నేలలది. ఇండోనేసియా దీనికి అతి పెద్ద ఉదాహరణ. 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చాలని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. ఆ ఆమ్ల నేలలో వరి పండలేదు, 1999లో పథకం ఆగిపోయింది, కాలువలు మాత్రం ఉండిపోయాయి. పథకం ఆగకముందే, 1997లో, ఎండిన పీట్ అంటుకుంది. ఆ ఏడాది ఇండోనేసియా మంటల్లో పోయిన కార్బన్ 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని తర్వాత శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 2015లో మళ్లీ 26 లక్షల హెక్టార్లు కాలాయి, నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. పీట్ మంట పైకి లేవదు, నేల లోపల నిప్పు రాజుకుంటూ వారాలు, నెలలు పాకుతుంది, పైన నీళ్లు చల్లితే ఆరదు, దాని పొగ ఊపిరితిత్తులకి మామూలు అడవి మంటల పొగ కన్నా ప్రమాదం. 2010 వేసవిలో మాస్కోని కమ్మేసిన పొగ కూడా ఎక్కువగా ఇలాంటిదే, ఒకప్పుడు ఇంధనం కోసం ఎండగట్టి వదిలేసిన నేలల నుంచి వచ్చింది.

తోటల వాటా చిన్నదైతే దాన్ని ఎందుకు పట్టించుకోవాలి అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఏంటంటే, ఎండగట్టిన పొలాల మీద లక్షల రైతు కుటుంబాల తిండి ఆధారపడి ఉంది, దాన్ని మార్చడానికి దశాబ్దాలు, డబ్బు, రాజకీయం కావాలి. ఇంట్లో పూలకుండీలకి పీట్ మానేయడానికి ఇంకో సంచి కొంటే చాలు. ఇంకోటి, తోటల కోసం తవ్వేది ఎక్కువగా స్ఫాగ్నమ్ నేలలనే, యూరప్‌లో పలు దేశాల్లో అవి ఇప్పటికే కొద్దిగా మిగిలాయి, వాటి మీద బతికే మొక్కలు, పురుగులు, పక్షుల్లో కొన్ని వేరే చోట బతకలేవు.

ప్రత్యామ్నాయాల విషయంలో నిజాయితీగా మాట్లాడాలి, ఏదీ పీట్ లాగా ఒంటి చేత్తో అన్నీ చేయదు. కోకోపీట్ దాదాపు అంత దగ్గరగా వస్తుంది. దాన్లో పీట్ ఏమీ ఉండదు, కొబ్బరి పీచు తీయగా మిగిలిన పొట్టు అది. ఎండినా మళ్లీ తేలిగ్గా తడుస్తుంది, పిహెచ్ దాదాపు సరిగానే ఉంటుంది. ఇబ్బంది ఉప్పుతో. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఎక్కువ, మంచి నీటితో కడగాలి, ఆ తర్వాత కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టాలి, లేకపోతే అది మొక్కకి వేసిన కాల్షియాన్ని తనే పట్టేసుకుంటుంది. కడగని చవక ఇటుకలు కొని మొక్కలు మాడిపోతే తప్పు కొబ్బరిది కాదు, తయారీది. కడగడానికి నీళ్లు బాగా ఖర్చవుతాయి, ఆ ఉప్పునీరు ఎక్కడికి పోతోందన్నది కూడా చూడాలి. కలపను నారలుగా విడదీసి చేసే చెక్క పీచు గాలి బాగా ఆడనిస్తుంది, కానీ కుళ్లేటప్పుడు నైట్రోజన్‌ని లాక్కుంటుంది, ఆకులు పసుపురంగుకి తిరుగుతాయి, ఎరువు మొదట్లోనే కాస్త ఎక్కువ వేయాలి. చెట్టు బెరడు కంపోస్టు నీరు నిలవనివ్వదు. ఆకులు, కొమ్మల కంపోస్టులో పోషకాలు, ఉప్పు ఎక్కువ, ఒక్కటే వాడితే లేత నారు తట్టుకోలేదు, పైగా ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. అందుకే మంచి పీట్ రహిత సంచిలో ఈ మూడు నాలుగింటి కలయిక ఉంటుంది.

పీట్ లేని మిశ్రమంతో మొదటిసారి మొక్కలు పోగొట్టుకునేవాళ్లలో చాలామందికి కారణం నీళ్లు పోసే అలవాటే. ఈ మిశ్రమాల పైభాగం ముతకగా ఉండి త్వరగా ఎండుతుంది, అడుగున మాత్రం తడి నిలిచి ఉంటుంది. పైన ఎండింది కదా అని రోజూ పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టి చూసి, లేదా కుండీ ఎత్తి బరువు చూసి పోయాలి, ఒకేసారి ఎక్కువ కాకుండా తక్కువ తక్కువగా పోయాలి. ఎరువు కూడా పీట్‌లో కన్నా ముందుగా మొదలుపెట్టాలి. ఇంతే తేడా, కానీ సంచి మీద ఇది ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు.

ప్రభుత్వాల సంగతికి వస్తే బ్రిటన్ అనుభవం చెప్పుకోవాలి. ఇళ్ల తోటలకి పీట్ అమ్మకం 2020కల్లా ఆగిపోవాలని 2011లో అక్కడి ప్రభుత్వం స్వచ్ఛంద లక్ష్యం పెట్టింది. ఆగలేదు. 2022 ఆగస్టులో, ఇంగ్లండ్‌లో 2024కల్లా చిల్లర అమ్మకం నిషేధిస్తామని ప్రకటించింది, ఆ గడువు చట్టం లేకుండానే దాటిపోయింది. అయినా రాయల్ హార్టికల్చరల్ సొసైటీ లాంటి తోటపని సంస్థలు, పెద్ద దుకాణాలు తమంతట తాము పీట్ సంచులు తీసేయడంతో వాడకం బాగా పడిపోయింది. ఐర్లండ్‌లో ఇంకో ఇబ్బంది వచ్చింది. 2019లో కోర్టు తీర్పుతో పెద్ద తవ్వకాలకి అనుమతులు తప్పనిసరి అయ్యాయి, నర్సరీలకి, పుట్టగొడుగుల రైతులకి పీట్ చాలక 2021లో లాత్వియా నుంచి ఓడలో తెప్పించుకున్నారు. ఒక దేశంలో తవ్వకం ఆగితే ఇంకో దేశంలో పెరిగితే లాభం లేదు. తవ్వకంతో పాటు వాడకాన్ని కూడా తగ్గించే నియమం కావాలి, లేత నారుకి, పుట్టగొడుగులకి కొంత గడువు ఇచ్చినా ఫర్వాలేదు, ఇళ్ల తోటలకి ఇవ్వాల్సిన పని లేదు.

తవ్వేసిన నేలల్ని ఏం చేయాలన్నది మిగిలింది. మొదటి పని కాలువలకి అడ్డుకట్టలు వేసి నీటి మట్టాన్ని మళ్లీ నేల పైకి తేవడం. నీళ్లు నిండితే మీథేన్ వస్తుందని కొందరు అడ్డుచెబుతారు, వస్తుంది, నిజమే. కానీ మీథేన్ గాల్లో పదేళ్లు, పన్నెండేళ్లకి తగ్గిపోతుంది, ఎండిన నేల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు పేరుకుంటూ పోతుంది, కాబట్టి నీళ్లు నింపడం ఎంత ఆలస్యమైతే అంత నష్టం. కెనడాలో దీనికి ఒక పద్ధతి బాగా స్థిరపడింది: దగ్గరలోని ఆరోగ్యంగా ఉన్న నేల పైపొర నుంచి కొన్ని సెంటీమీటర్ల నాచు ముక్కలు తెచ్చి, దానికి పది రెట్ల విస్తీర్ణంలో పలచగా చల్లి, ఎండిపోకుండా పైన గడ్డి కప్పి, కాలువలు మూసేస్తారు. క్యూబెక్‌లోని బ్వా దె బెల్ అనే చోట 1999లో ఇలా చేశారు, సుమారు పదిహేనేళ్లకి ఆ నేల వదిలేదానికన్నా ఎక్కువ కార్బన్ పీల్చుకోవడం మొదలుపెట్టింది. జర్మనీ వాయవ్య ప్రాంతంలో ఇంకో ప్రయోగం నడుస్తోంది, మళ్లీ తడిపిన నేలలో స్ఫాగ్నమ్‌నే పంటలా పెంచి, పై నాచుని కోసి నర్సరీ మిశ్రమాల్లో పీట్ బదులు వాడుతున్నారు. మొక్కలు బాగానే వస్తున్నాయి. ఖర్చు ఇంకా పీట్ కన్నా ఎక్కువ, ఎందుకంటే పీట్ ధరలో దాని కార్బన్ నష్టం కలపడం లేదు.